వాషర్ ఎవరు మారుస్తారు?

సింగపూర్‌లో ఉండే మా అక్క కూతురు పోయిన డిసెంబరు సెలవుల్లో కంబోడియా వెళ్లొచ్చింది. తిరగడానికి కాదు, సేవకి. కాలేజీ నుంచి ఇరవై మంది పిల్లలు, ఇద్దరు లెక్చరర్లు, పది రోజులు. ఒక పల్లెటూరి ప్రైమరీ స్కూల్లో నీళ్ల ట్యాంకు కట్టారు, చేతులు కడుక్కోవడానికి కుళాయిలు పెట్టారు, పక్కనే కూరగాయల మళ్లు వేసి వచ్చారు. వీడియో కాల్‌లో గంటసేపు ఫొటోలు చూపించింది. అన్నిట్లోనూ నవ్వులే. ఒక్క ఫొటో దగ్గర మాత్రం నేను ఆగాను. పిల్లలంతా వరసగా నిలబడి ఇటుకలు అందిస్తున్నారు. చివర్లో ఆ ఊరి మేస్త్రి రసమట్టం చేత్తో పట్టుకుని గోడకేసి చూస్తున్నాడు. ఆయన నవ్వడం లేదు.

"ఆయనేమన్నాడే?" అని అడిగాను.

"మేం పేర్చిన వరస తీసేసి మళ్లీ పేర్చాడు మావయ్యా" అంది, ఏమాత్రం దాచుకోకుండా.

"మరి ఆ ట్యాంకులో పాచి పడితే ఎవరు కడుగుతారు?"

"అదా... స్కూల్ వాళ్లు చూసుకుంటారు."

నా గొడవంతా ఆ ఆఖరి మాటతోనే. ఆగ్నేయాసియా పల్లె బడులకు నీళ్లు, తోటలు తెచ్చిపెట్టే ఈ స్వచ్ఛంద సేవ అంతా ఆ మాట మీదే నడుస్తోంది. కొరియా నుంచి, జపాన్ నుంచి, ఆస్ట్రేలియా నుంచి ఏటా బృందాలు వస్తూనే ఉంటాయి. సింగపూర్ అయితే 2000లోనే యువత కోసం ఏకంగా ఒక ప్రభుత్వ పథకం పెట్టింది. వెళ్లే పిల్లల మనసును నేను శంకించను. కానీ ఒక బడికి నీళ్లివ్వడంలో అన్నిటికంటే తేలికైన పని కట్టడం. మనం విమానాలెక్కి వెళ్లి చేస్తున్నది సరిగ్గా ఆ తేలిక పనే.

చేతి పంపునే తీసుకోండి. మనవాళ్లు బోరింగు అంటారు. దాని గొట్టం లోపల గిన్నె ఆకారంలో ఒక చిన్న వాషర్ ఉంటుంది, తోలుదో రబ్బరుదో. పిడి కిందికి పైకి ఆడినప్పుడల్లా అది గొట్టం గోడను రాసుకుంటుంది. రెండొందల మంది పిల్లలున్న బడిలో రోజుకి ఎన్ని వందల సార్లు రాసుకుంటుందో లెక్కేసుకోండి. కొన్ని నెలలకి అరుగుతుంది. మొదట్లో పెద్దగా తెలియదు, పొద్దున్నే పైనుంచి చెంబుడు నీళ్లు పోస్తే గానీ పంపు పట్టదు, అంతే. తర్వాత రెండు చెంబులు. తర్వాత ఎంత కొట్టినా గాలే. పల్లెల్లో పెరిగినవాళ్లకి ఆ 'గిర్రు గిర్రు' చప్పుడు ఇప్పటికీ చెవుల్లో ఉంటుంది. వాషర్ ఖరీదు ఒక టీ, రెండు బిస్కెట్లు. కానీ దాన్ని కొనడానికి బజారుకి ఎవరు వెళ్లాలి, ఎవరి డబ్బుతో, పంపు విప్పే పెద్ద స్పానర్ ఎవరింట్లో ఉంది అన్నది తేలేలోపు పిల్లలు గొట్టంలో గులకరాళ్లు వేసేస్తారు. ఆ తర్వాత అది పంపు కాదు, దున్నపోతుని కట్టేసే గుంజ.

ప్రపంచమంతా వాడే 'ఇండియా మార్క్ 2' పంపు 1970లలో మన దేశంలోనే పుట్టింది. గట్టి ఉక్కుతో చేశారు కాబట్టి నిలబడిందని చెబుతుంటారు. అది సగం నిజం. ఆ రోజుల్లో దాంతోపాటు మూడంచెల ఏర్పాటు ఒకటి అనుకున్నారు. ఊళ్లో పంపు చూసుకునే మనిషి ఒకరు, బ్లాకుకో మెకానిక్, జిల్లాకో మొబైల్ టీమ్. అది సరిగ్గా నడిచిన చోట పంపులు బతికాయి, నడవని చోట అదే ఉక్కు తుప్పు పట్టింది.

ఇక లెక్కకి రండి. మా పిల్ల బృందంలో తలా వెయ్యి సింగపూర్ డాలర్లకి పైనే పెట్టుకున్నారు. ఇరవై మందికి ఇరవై వేలు, అంటే సుమారు 15 వేల అమెరికన్ డాలర్లు. కంబోడియాలో 2025లో గార్మెంట్ ఫ్యాక్టరీ కార్మికుల కనీస వేతనం నెలకు 208 డాలర్లు. ఈ లెక్కన ఆ పది రోజుల ఖర్చుతో ఒక పంపు మెకానిక్‌కి ఆరేళ్ల జీతం ఇవ్వొచ్చు. ఆరేళ్లలో అతను ఒక్క బడి కాదు, సైకిలు మీద చుట్టుపక్కల బడులన్నీ చూసుకుంటాడు. పైగా అతను పేర్చిన ఇటుకను ఎవరూ మళ్లీ పేర్చాల్సిన పని ఉండదు.

అరిగిన వాషర్ కనీసం చప్పుడు చేసి చెబుతుంది. కొన్ని తప్పులు అదీ చెయ్యవు. కంబోడియాలో మెకాంగ్, బాసాక్ నదుల వెంట కందాల్, ప్రే వెంగ్ లాంటి రాష్ట్రాల్లో చెరువు నీళ్లు తాగి పిల్లలకి విరేచనాలు పట్టుకుంటున్నాయని దాతలు, సంస్థలు బోర్లు వేసుకుంటూ పోయారు. నీళ్లు తేటగా వచ్చాయి. 2000 ప్రాంతంలో పరీక్షలు చేస్తే అందులో ఆర్సెనిక్ అనే విషం ఉన్నట్టు తేలింది. హిమాలయాల నుంచి నది మోసుకొచ్చిన ఒండ్రులోనే ఉందది. రంగు లేదు, రుచి లేదు, వాసన లేదు. కొన్నేళ్లు తాగాక అరచేతుల మీద, అరికాళ్ల మీద చర్మం గట్టిపడి మచ్చలొస్తాయి, ఆ తర్వాత క్యాన్సర్ భయం. 2006 నాటికి కందాల్ పల్లెల్లో అలాంటి చేతులు డాక్టర్ల కంటపడ్డాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లీటరుకి 10 మైక్రోగ్రాములు దాటొద్దంటే, కంబోడియా పెట్టుకున్న హద్దు 50. ఆ బోర్లు వేసినవాళ్లలో దుర్మార్గులెవరూ లేరు. వేసి వెళ్లిపోయారు, అంతే.

ఈ కథ మనకి కొత్తా? మన దేశంలో ఫ్లోరోసిస్ సంగతి మొదట బయటపడింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలో. తర్వాత నల్గొండ బోర్ల నీళ్లు తాగి వంగిపోయిన కాళ్ల ఫొటోలు చూడని తెలుగువాడు ఉండడు. ఫ్లోరైడ్ తీసే ఒక పద్ధతికి ప్రపంచంలో నల్గొండ పేరే ఉంది. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు, ఇంతే సరుకు. చవక, సులువు. అయితే రోజూ కొలిచి పటిక వేసే మనిషి, అడుగున పేరుకున్న బురద ఎత్తిపోసే మనిషి ఉండాలి. ఆ మనిషి మానేసిన రోజున ఆ ప్లాంటు ఒక సిమెంటు తొట్టి. సైన్సు ఎప్పుడో దొరికింది. మనిషే దొరకలేదు.

లావోస్‌లో అయితే తోట కోసం గునపం దించడమే ప్రాణాల మీదకి వస్తుంది. 1964 నుంచి 1973 వరకు అమెరికా ఆ చిన్న దేశం మీద 20 లక్షల టన్నులకు పైగా బాంబులు కురిపించింది. అందులో క్లస్టర్ బాంబుల్లోంచి రాలిన చిన్న గుండ్లే 27 కోట్లని అంచనా, వాటిలో మూడో వంతు దాకా పేలనే లేదు. అక్కడి జనం వాటిని 'బాంబీ' అంటారు. టెన్నిస్ బంతంత ఉంటాయి, పిల్లలు ఆట వస్తువనుకుని తీస్తారు. షియెంగ్ ఖ్వాంగ్ రాష్ట్రం లాంటి చోట బడి ఆవరణలో వంకాయ మొక్క పెట్టాలన్నా ముందు డిటెక్టర్‌తో అడుగడుగునా వెతికే జట్టు రావాలి. మోకాళ్ల మీద కూర్చుని సెంటీమీటరు చొప్పున జరిగే పని అది. 1996 నుంచి ఒక ప్రభుత్వ సంస్థ అదే పనిలో ఉంది, ఇంకా అయిపోలేదు. పది రోజుల బృందం ఆ పని చెయ్యలేదు. నిజానికి ఆ బడి తోటకి అసలు పునాది వేసినవాళ్లు ఆ డిటెక్టర్ జట్టువాళ్లు, కానీ తోట బోర్డు మీద వాళ్ల పేరు ఎక్కడా ఉండదు.

తోట సంగతి కూడా ఒకసారి క్యాలెండరుతో పోల్చి చూడండి. కంబోడియాలో వానలు మే నుంచి అక్టోబరు దాకా. డిసెంబరులో వెళ్లినవాళ్లు చల్లటి వాతావరణంలో మళ్లు కడతారు, నారు పోస్తారు, మొలకల పక్కన ఫొటో దిగుతారు. మార్చికి నేల నెర్రెలు విచ్చుతుంది. ఏప్రిల్ మధ్యలో వాళ్ల కొత్త సంవత్సరం, బడి మూత. ఆ వారం రోజులు ఎవరు నీళ్లు పోస్తారు? తోటపని తెలిసినవాడు అక్కడ డిసెంబరులో ఆకుకూరల మడి వేసేముందు మునగ కొమ్మ నాటుతాడు. ఫిలిప్పీన్స్‌లో మునగను 'మలుంగాయ్' అంటారు, పేరులోనే చుట్టరికం వినిపిస్తోంది కదా. కొమ్మ విరిచి పాతితే వేళ్లూనుకుంటుంది, ఎండకి ఓర్చుకుంటుంది, ఆకు దూసి పులుసులో వేస్తే పిల్లలకి ఐరన్, విటమిన్-ఎ. కాకపోతే పాతిన రోజున ఎండు కట్టెలా ఉంటుంది, ఫొటోకి పనికిరాదు.

అటువైపు వాదన నాకు తెలియనిది కాదు. ఈ పిల్లలు వెళ్లకపోతే ఆ డబ్బు మెకానిక్ జీతానికి వెళ్లదు, మాల్దీవులకో మాల్‌కో వెళుతుంది. కళ్లారా చూసినవాడే రేపు పెద్ద ఉద్యోగంలోకి వచ్చాక చెక్కు రాస్తాడు. ఆర్నెల్లే పనిచేసినా ఆ ఆర్నెల్లు పిల్లలు మంచినీళ్లు తాగారు కదా అంటారు. మొదటి రెండూ ఒప్పుకుంటాను. మూడోది ఒప్పుకోను. పాడైపోయిన ట్యాంకు ఉన్న బడికి కొత్త ట్యాంకు శాంక్షన్ కాదు, ఎందుకంటే కాగితాల్లో ఆ బడికి ట్యాంకు ఉంది.

అలాగని అన్నీ చెడిపోతాయా అంటే, చెడిపోనివి అదే ప్రాంతంలో కళ్లెదుటే ఉన్నాయి. థాయిలాండ్ ఈశాన్యంలో ఇసాన్ అనే మెట్ట ప్రాంతం ఉంది. చాలాచోట్ల భూమిలో నీళ్లు ఉప్పన, వాన వెళ్లిపోతే గుక్కెడు నీళ్లకి కటకట. 1980లలో అక్కడ ఇంటి చూరు నీళ్లు పట్టుకోవడానికి పెద్ద పెద్ద సిమెంటు జాడీల ఉద్యమం నడిచింది. ఒక్కోటి రెండు వేల లీటర్ల దాకా పడుతుంది. అంతకుముందు ఇనుప ఊచల బదులు వెదురు పెట్టి ట్యాంకులు కట్టి చూశారు, లోపల వెదురు పుచ్చిపోయి అవి దెబ్బతిన్నాయి. కట్టినవాళ్లు ఆ ఊరివాళ్లే కాబట్టి పుచ్చిన సంగతి వాళ్లకే తెలిసింది, వాళ్లే పద్ధతి మార్చారు. జాడీ పోత పొయ్యడం ఊళ్లో కుర్రాళ్లకి నేర్పారు, సరుకు కొనడానికి, ఒకరు తీర్చిన డబ్బు ఇంకొకరికి అప్పుగా ఇచ్చేలా ఒక నిధి పెట్టారు. కొన్నేళ్లకి ఆ నేర్చుకున్నవాళ్లే వర్క్‌షాపులు తెరిచి, జాడీలు చవగ్గా పోసి, బండి మీద ఇంటికే దించి వెళ్లడం మొదలుపెట్టారు. ఇళ్లకి చేరినవి లక్షల్లో ఉన్నాయి. పగిలితే అతికేవాడు పక్క వీధిలోనే ఉంటాడు. నాకు ఈ కథ ఎన్నిసార్లు చెప్పినా తనివి తీరదు, ఎందుకంటే దీన్లో దాత ఎక్కడ తప్పుకున్నాడో కూడా కనిపించదు.

బడి తోటలకీ అక్కడే జవాబుంది. 1980లో రాకుమారి సిరింధోర్న్ మూడు సరిహద్దు పోలీసు బడుల్లో మధ్యాహ్న భోజనం కోసం పంటలు పండించే పని మొదలుపెట్టారు. మన ప్రభుత్వం 2017లో పద్మభూషణ్ ఇచ్చిన సంస్కృత, పాళీ పండితురాలు ఈవిడే. ఆ కొండ బడుల్లో పాఠం చెప్పేది పోలీసులే, వాళ్లు బడిని అంటిపెట్టుకునే ఉంటారు. పొద్దున పిల్లలు కోసిన కూర మధ్యాహ్నం కంచంలో ఉండాలి, మడి ఎండిపోతే ఆ రోజు కంచం వెలితి. ఆకలి రోజూ వస్తుంది కాబట్టి నీళ్లు పోసేవాడూ రోజూ వస్తాడు. ఫిలిప్పీన్స్‌లో 2003 నుంచి బడులు తెరిచే ముందు తల్లిదండ్రులు చీపుర్లు, సుత్తులు పట్టుకుని వచ్చి బడిని బాగుచేసే వారం ఒకటి ఉంది, 'బ్రిగాడా ఎస్క్వెలా' అని. మన శ్రమదానం లాంటిదే. తేడా ఏమిటంటే వాళ్లు మళ్లీ ఏడాదీ వస్తారు, వాళ్ల పిల్లలు ఆ బడిలోనే చదువుతారు కాబట్టి.

అసలు ఇదంతా వాళ్ల గురించేనా అని నాకే అనుమానం వస్తుంది. మనది ప్రారంభోత్సవాల జాతి. రిబ్బను, కొబ్బరికాయ, శిలాఫలకం. మా ఊరి బడిలో ఒక వాటర్ ప్లాంటు ఉంది. దాత పేరు, ముఖ్య అతిథి పేరు నల్లరాతి మీద ఇప్పటికీ తళతళలాడుతున్నాయి. మెషిన్‌లో ఫిల్టరు మార్చక మూడో ఏడాదికే అది మూలపడింది, ఇప్పుడక్కడ ఆటల సామాను పెడుతున్నారు. ప్రారంభానికి వచ్చిన మంత్రి ఉంటాడు గానీ, ఫిల్టరు మార్పు ఉత్సవానికి వచ్చిన మంత్రిని మీరెప్పుడైనా చూశారా?

ఆంధ్రప్రదేశ్‌లో ఒకసారి దీనికి డబ్బు కేటాయించే ప్రయత్నం జరిగింది. 2021 జనవరిలో అమ్మఒడి 15 వేలలోంచి వెయ్యి రూపాయలు స్కూలు టాయిలెట్ల నిర్వహణకని పక్కన పెట్టారు. మరుసటి ఏడాది స్కూలు నిర్వహణకని ఇంకో వెయ్యి. ఎంత గొడవైందో గుర్తుందా? తల్లుల డబ్బు కోశారని టీవీల్లో చర్చలే చర్చలు. ఆ డబ్బు పథకంలోంచి కాకుండా నేరుగా బడ్జెట్లోంచి ఇవ్వాల్సిందని నేనూ అంటాను. కానీ గోడలకి రంగులేసిన వందల కోట్ల గురించి మాట్లాడనివాళ్లు, ఆయా జీతానికి, ఫినాయిల్‌కి పెట్టిన వెయ్యి గురించి అంత అరిచారంటే, నిర్వహణ అనే పదానికి మన దగ్గర ఉన్న విలువ అది. అధికారంలో ఎవరున్నా ఈ విషయంలో పెద్ద తేడా ఏమీ కనిపించదు.

మొన్న మళ్లీ మా పిల్ల ఫోన్ చేసింది. ఈ డిసెంబరుకి జూనియర్ల బ్యాచ్ బయల్దేరుతోందట, అదే కంబోడియా, వేరే జిల్లాలో వేరే బడి.

"మీరు కట్టిన బడికే వెళ్లొచ్చుగా? ట్యాంకు ఎలా ఉందో చూసినట్టుంటుంది" అన్నాను.

"నేనూ అదే అడిగాను మావయ్యా. రిపేర్లంటే స్పాన్సర్లు రారట, కొత్త ప్రాజెక్టు అయితేనే ఇస్తారట."