టిప్పులు కాదు, జీతం అడిగిన బ్యాండ్‌మాస్టర్

జాజ్ చరిత్రను 1917 నుంచి మొదలుపెట్టడం అలవాటు. ఆ పేరుతో తొలి రికార్డు వెలువడిన ఏడాది అది. వాయించింది తెల్లవాళ్ల బ్యాండ్. నన్నడిగితే ఇంకో ఏడేళ్లు వెనక్కి వెళ్లాలంటాను. 1910లో జేమ్స్ రీస్ యూరప్ అనే నల్లజాతి బ్యాండ్‌మాస్టర్ న్యూయార్క్‌లో క్లెఫ్ క్లబ్ అనే వాద్యకారుల సంఘం పెట్టాడు. వాయించేవాడికి పూట గడిస్తేనే కదా సంగీతం నిలిచేది!

యూరప్ అతని ఇంటిపేరు. అలబామాలోని మొబీల్‌లో పుట్టి, వాషింగ్టన్‌లో పెరిగి, పని వెతుక్కుంటూ న్యూయార్క్ చేరాడు. అప్పట్లో హోటళ్లు నల్లజాతి వాద్యకారులను వేరే చాకిరీకి పెట్టుకుని, మధ్యమధ్య వాయించమనేవి. చేతికొచ్చేది అతిథులు ఇచ్చే టిప్పులే. క్లెఫ్ క్లబ్ ఈ పద్ధతిని మార్చేసింది. వెస్ట్ 53వ వీధిలో సొంత ఇల్లు కొని, దాన్నే ఆఫీసు చేసుకుంది. విందుకు బ్యాండ్ కావాలంటే అక్కడికి కబురు పెట్టాలి, జీతం ముందే మాట్లాడుకోవాలి. దారిఖర్చులు, ఊరు దాటితే తిండి, బస పిలిచినవాళ్లవే. బాగా నడిచిన ఏళ్లలో క్లబ్ వ్యాపారం ఏడాదికి లక్షా 20 వేల డాలర్ల దాకా సాగిందని రచయిత జేమ్స్ వెల్డన్ జాన్సన్ రాశాడు.

ఈ గౌరవం ఊరికే దక్కలేదు. యూరప్ బ్యాండుల్లో నోటేషన్ (కాగితం మీద రాసిన స్వరాలు) చదవడంలో దిట్టలు ఉండేవారని పియానిస్టు యూబీ బ్లేక్ తర్వాత గుర్తుచేసుకున్నాడు. కానీ నల్లవాళ్లది దేవుడిచ్చిన గొంతూ చేయీ తప్ప చదువు కాదని నమ్మడమే తెల్ల ధనికులకు ఇష్టం. అందుకని కొత్త పాటలను కాగితం చూసి సాధన చేసి, విందులో మాత్రం కాగితం లేకుండా, అప్పటికప్పుడు పట్టుకున్నట్టు వాయించేవారట. నేర్చిన విద్యను దాచుకుంటే తప్ప కూలి దక్కని రోజులవి. ఆ రాజీని తప్పుపట్టడానికి నాకు మనసొప్పదు.

దాచుకోనక్కర్లేని వేదికను కూడా అతనే సంపాదించాడు. 1912 మే 2న న్యూయార్క్‌లోని పేరున్న కచేరీ వేదిక కార్నెగీ హాల్లో నూటికి పైగా వాద్యకారులతో, మాండొలిన్లు, బాంజోలు, వరసగా పియానోలతో, నల్లజాతి స్వరకర్తల రచనలు వినిపించాడు. నల్లజాతి పిల్లలకు సంగీతం నేర్పే బడికి విరాళం కోసం జరిగిన కచేరీ అది. తెల్ల బ్యాండ్‌మాస్టర్ పాల్ వైట్‌మన్ జాజ్‌ను పెద్ద హాలుకు తెచ్చాడని అందరూ చెప్పుకునే కచేరీ 1924 నాటిది. పన్నెండేళ్ల తేడా! 1913లో విక్టర్ కంపెనీ యూరప్ బృందంతో రికార్డులు చేసింది. వెర్నన్, ఐరీన్ కాజిల్ దంపతుల నృత్యాలకు సంగీతం అతనిదే. ఫాక్స్‌ట్రాట్ అనే జంట నృత్యం పుట్టుకలో అతని వాటా ఉందని ఐరీనే చెప్పింది.

తర్వాత మొదటి ప్రపంచ యుద్ధం. న్యూయార్క్ నల్లజాతి రెజిమెంట్‌లో చేరిన యూరప్‌ను మంచి బ్యాండ్ కట్టమని కల్నల్ అడిగాడు. క్లారినెట్ లాంటి వాద్యాలకు మనుషులు చాలక ప్యూర్టోరికో దాకా వెళ్లి తెచ్చుకున్నాడు. అమెరికా సైన్యం తెల్లవాళ్ల పక్కన నిలబడనివ్వకపోవడంతో ఆ 369వ రెజిమెంట్ ఫ్రెంచి సేనల కింద పోరాడింది, 191 రోజులు యుద్ధరంగంలోనే ఉంది. యూరప్ బ్యాండ్‌తోనే సరిపెట్టుకోలేదు. మెషీన్‌గన్ దళంలో లెఫ్టినెంట్‌గా కందకాల్లోకి దిగాడు, విషవాయువు పీల్చి ఆసుపత్రి పాలయ్యాడు. అక్కడ కూడా పాట రాశాడు. 1919 ఫిబ్రవరి 17న రెజిమెంట్ ఫిఫ్త్ అవెన్యూలో కవాతు చేసింది. దారంతా సైనిక గీతాలు వాయించిన బ్యాండ్, నల్లవాళ్ల పేట హార్లెమ్ చేరాకే సొంత బాణీ అందుకుంది.

మూడు నెలలు కూడా గడవలేదు. మే 9న బాస్టన్ మెకానిక్స్ హాల్లో, కచేరీ మధ్య విరామంలో, తన డ్రమ్మర్ హెర్బర్ట్ రైట్ చేతి కత్తిపోటుకు యూరప్ చనిపోయాడు. యూరప్ తనను సరిగా చూడడం లేదన్నది రైట్ కోపం. క్రమశిక్షణే పెట్టుబడిగా బ్యాండ్ నడిపినవాడు ఆ చిన్న గొడవను కూడా మాటలతో సర్దబోయాడు. న్యూయార్క్ నగరం అతనికి బహిరంగ అంత్యక్రియలు జరిపింది. ఒక నల్లజాతి పౌరుడికి ఆ నగరంలో అలా జరగడం అదే మొదలు.

రైట్ జైలు నుంచి విడుదలయ్యాక బాస్టన్‌లోనే రాక్స్‌బరీలో స్థిరపడ్డాడు. 1930ల్లో అదే పేటలో ఒక కుర్రాడికి డ్రమ్స్ పాఠాలు చెప్పాడు. ఆ కుర్రాడు రాయ్ హేన్స్. తర్వాత జాజ్ దిగ్గజాలు చార్లీ పార్కర్ పక్కన, జాన్ కోల్ట్రేన్ పక్కన డ్రమ్స్ వాయించినవాడు.