టెక్స్ట్ కార్పస్ గారికి ఒక దస్తావేజు లేఖరి విన్నపం

మహారాజశ్రీ టెక్స్ట్ కార్పస్ గారి సముఖమునకు, నల్లగొండలో రిజిస్ట్రేషన్ ఆఫీసు ఎదుట, జిరాక్స్ దుకాణం పక్కన బల్ల వేసుకుని బతుకుతున్న దస్తావేజు లేఖరి నమస్కరించి వ్రాయునది ఏమనగా:

తమరంటే యంత్రాలకు భాష నేర్పడానికి పోగుచేసిన రాతల గాదె అని విన్నాను. తమరి వృత్తి నాకు కొత్త కాదు. ఒక మాట తర్వాత ఏ మాట రావచ్చో లెక్కగట్టి రాయడమే తమరిని తిని పెరిగిన యంత్రాల పని అని చదివాను. మేము చేసేదీ అదే. ‘నా స్వార్జితమైన’ అని రాయగానే కలం తనంతట తానే ‘నిర్వివాదమైన’ దగ్గరికి పోతుంది. దాని వెనకే ‘ఏ విధమైన తాకట్టు, జప్తు లేని’ వచ్చి కూర్చుంటుంది. ఆ భూమి మీద మూడు దావాలు నడుస్తున్నా సరే. 1913లో మార్కోవ్ అనే రష్యా గణితవేత్త ఒక కావ్యంలోని 20,000 అక్షరాలను చేత్తో లెక్కబెట్టి, అచ్చు తర్వాత హల్లు ఎన్నిసార్లు వస్తుందో తేల్చాడట. పాపం, మా బల్ల దగ్గర ఒక పూట కూర్చుంటే సరిపోయేది.

అయితే ఒక్క చోట మా కలం ఆగుతుంది. నాలుగు హద్దులు రాసే చోట. తూర్పున ఎవరి చెలక ఉందో, పడమర బండ్లబాట ఇంకా ఉందో లేక పక్కవాడు దున్ని కలుపుకున్నాడో లేఖరికి ఎలా తెలుస్తుంది? అమ్మేవాణ్ణి అడగాలి, కొనేవాణ్ణి అడగాలి, పహాణీ (భూమి సాగు రికార్డు) చూడాలి. అప్పటికీ తెలియకపోతే గీత కొట్టి వదిలేస్తాం. తమరి యంత్రం ఎక్కడా ఆగదు. మునుగోడు వైపు ఒక పల్లె గురించి రాయమంటే ‘గలగల పారే సెలయేటి ఒడ్డున, పచ్చని పైరుల నడుమ వెలసిన గ్రామం’ అని ఎత్తుకుంది. అయ్యా, అక్కడ బోరు నీళ్లలోని ఫ్లోరైడుతో మనుషుల ఎముకలు వంకర్లు పోయాయి. పటిక, సున్నం కలిపి ఆ ఫ్లోరైడును తీసే పద్ధతికి ‘నల్గొండ టెక్నిక్’ అని మా ఊరి పేరే పెట్టారు. తమరి ఇంగ్లీషు గాదెలో ఆ సంగతి దొరుకుతుంది. తెలుగు గాదెలో సెలయేరు దొరికింది కాబోలు.

తప్పు యంత్రానిది కాదు, తిండిది. 1961 నాటి అమెరికా రాతల నుంచి 500 నమూనాలు ఏరి, పది లక్షల పదాలతో బ్రౌన్ కార్పస్‌ను కూర్చినప్పుడు ఏ ముక్క ఎక్కడిదో చెప్పగలిగేవారు. 2020లో వచ్చిన జీపీటీ-3 అనే రాత యంత్రం శిక్షణకు 30 వేల కోట్ల టోకెన్లు, అంటే మాటల ముక్కలు, పట్టాయి. దాని మేతలో పదాల లెక్కన దాదాపు 93 శాతం ఇంగ్లీషే. 2011 జనగణన ప్రకారం తెలుగు మాతృభాషగా ఉన్నవారు 8 కోట్లకు పైనే. వెబ్‌ను జల్లెడ పట్టే కామన్ క్రాల్‌లో మాత్రం తెలుగు పేజీలు ఒక శాతంలో పదో వంతు కూడా లేవు. ఆ కాస్తలోనూ సినిమా కబుర్లు, రాశిఫలాలు. అన్ని భాషల అక్షరాలకూ ఒకే సంకేతాల పట్టిక అయిన యూనికోడ్ రాకముందు ఫాంట్లలో కూర్చిన పుస్తకాలను తమరు మింగబోతే పిచ్చి గీతలే నోట్లో పడతాయి.

పైగా సుంకం ఒకటి. ఆ సంకేతాలను కంప్యూటర్లో దాచే యూటీఎఫ్-8 లెక్కలో తెలుగు సంకేతం ఒక్కోదానికి మూడు బైట్లు. ‘నల్లగొండ’ తెలుగులో 24 బైట్లు, రైల్వే బోర్డు మీది ఇంగ్లీషు స్పెల్లింగు 8. యంత్రం కడుపులో మన మాట ఎక్కువ ముక్కలవుతుంది, ముక్కకింత అని రుసుము. మేమూ పేజీకింత అని తీసుకుంటాం గానీ, తెలుగులో రాయమన్న పాపానికి అదనంగా అడగలేదు.

తెలుగు వికీపీడియాను 2003 నుంచి సొంత సమయం వెచ్చించి కట్టినవాళ్లను నేను ఒక్క మాట అనను. కానీ వేల గ్రామాల వ్యాసాలు జనగణన పట్టికను వాక్యాలుగా విప్పినవే: ఇన్ని ఇళ్లు, ఇంత జనాభా, బ్యాంకు ఇంత దూరం. వాటితో పెరిగిన యంత్రానికి దేవరకొండకూ కొల్లాపూర్‌కూ తేడా కిలోమీటర్లలోనే ఉంటుంది. అది రాసిన తెలుగు మళ్లీ వెబ్‌కు ఎక్కి, మళ్లీ తమరి గాదెలోకే వస్తుంది. సొంత రాతలే తింటూ పోయే యంత్రాలు ముందుగా అరుదైనవాటిని మరిచిపోతాయని 2024లో ‘నేచర్’ పత్రికలో పరిశోధకులు రాశారు. ఇక్కడ అరుదైనవి ఎవరివి? బొంబాయి మట్టిపనికి పోయి తిరిగొచ్చిన పాలమూరు మేస్త్రీవి, కురుమూర్తి జాతరలో పాడేవాళ్లవి. ఇక 1954-55 ఖాస్రా పహాణీలూ సేత్వార్లూ అనే పాత భూమి రికార్డులు ఉన్నాయి. వాటిని చదవగల కళ్లు ఏటేటా తగ్గుతున్నాయి.

వెబ్‌లో లేదు కనుక లేదు అంటారా? ఆ మాట మేము ఒకసారి విన్నాం. తెలంగాణలో తెలుగు కవులే లేరని ఒక పెద్దమనిషి రాస్తే, పాలమూరు ప్రాంతంవారైన సురవరం ప్రతాపరెడ్డి గారు 354 మంది కవులను పోగుచేసి, 1934లో ‘గోల్కొండ కవుల సంచిక’ అచ్చువేయించారు. కవుల పేర్లతో సహా. తమరు కోట్ల మంది రాతలు పోగుచేశారు, ఒక్కరి పేరైనా గుర్తుందా?

కాబట్టి ఇకమీదట మా తెలుగు కావలసివస్తే ఊరికి మనిషిని పంపించి, అడిగి, పేరు రాసుకుని, కూలి ముట్టజెప్పి తీసుకుపోవలెను. అడగకుండా తీసుకున్నదాన్ని మా ఆఫీసులో ‘స్వార్జితం’ అని రాయరు. ఈ మేరకు ఒప్పందం కాగితం నేనే సిద్ధం చేసి ఉంచాను. హద్దులు నింపాను, సాక్షుల చోటు ఖాళీగా ఉంది. తమరి తరఫున ఎవరు వస్తారో తెలియజేయగలరు. యంత్రాన్ని మాత్రం పంపవద్దు, వేలిముద్ర అడుగుతారు.

ఇట్లు,
తమ విధేయుడు,
దస్తావేజు లేఖరి