గుద్దింది వాళ్లు, తిరగాల్సింది మనం

సిగ్నల్ దగ్గర ఆగి ఉన్నాను. కాలు బ్రేక్ మీద, చూపు ఎర్ర లైటు మీద. వెనక నుంచి ఒక్క కుదుపు. దిగి చూస్తే బంపర్ మీద అరచేయంత గీత, అంతకు మించి ఏమీ కనబడలేదు. గుద్దినాయన మర్యాదస్తుడే. దిగుతూనే ‘సారీ అండీ, ఫోన్ చూస్తూ చూసుకోలేదు, తప్పు నాదే’ అన్నాడు, నంబర్ ఇచ్చాడు, పాలసీ కాగితం చూపించి ఫోటో తీసుకోమన్నాడు. వెనకాల హారన్లు మోగుతుంటే ఇద్దరం బండ్లు పక్కకి తీసేశాం. యాక్సిడెంట్ అంటే ఇంత సాఫీగా జరగాలి అనుకుంటూ ఇంటికొచ్చాను.

రెండో రోజు డిక్కీ తీస్తే స్టెప్నీ దాని గుంటలో కూర్చోవడం లేదు. కార్పెట్ ఎత్తి చూస్తే అడుగు రేకు మడత పడి ఉంది. పదో రోజున ఆయన ఇన్సూరెన్స్ కంపెనీ నుంచి ఫోన్. ‘మీరే వెనక్కి జారి తగిలారని మా కస్టమర్ చెబుతున్నారు, దీనిపై మీరేమంటారు?’

ఏమంటాను? ఆయన నోటితో అన్న ‘తప్పు నాదే’ నా చెవుల్లో తప్ప ఇంకెక్కడా లేదు.

ఆ పెద్దమనిషి మీద కోపంతో ఇది రాయడం లేదు (కొంచెం ఉంది, కాదనను). ఆ తర్వాత నెలల తరబడి నాకు అర్థమైంది ఏమిటంటే, ‘నా తప్పేం లేదు’ అన్నది మనకు నిజం కావచ్చు గానీ ఇన్సూరెన్స్ ఫైల్లో అది రెండు వాదనల్లో ఒకటి మాత్రమే. దాన్ని నిలబెట్టుకునే పని మొత్తం తప్పు లేనివాడి మీదే పడుతుంది. ఫోన్లు, షెడ్డు చుట్టూ తిరగడాలు, కాగితాలు, సెలవులు, వీటికి ఎవరూ లెక్క కట్టరు. అతని టైమూ ఓపికా ఊరికే వస్తాయన్న ధీమా మీదే చాలా దేశాల్లో ఈ వ్యవస్థ నడుస్తోందని నా అభిప్రాయం. ముల్లొచ్చి అరిటాకు మీద పడినా, అరిటాకెళ్లి ముల్లు మీద పడినా చిరిగేది ఆకే అని మన పెద్దలు ఊరికే అనలేదు.

మొదట చాలామంది పొరబడేది ఒక చోట. అవతలివాడి తప్పు కాబట్టి అవతలి కంపెనీ మనకు డబ్బు ‘ఇవ్వాలి’ అనుకుంటాం. ఆ కంపెనీతో మనకు ఒప్పందం లేదు, మనం దానికి ఒక్క ప్రీమియం కట్టలేదు. అది కాపాడాల్సింది దాని కస్టమర్ని, ఆ తర్వాత దాని సొమ్ముని. మన ఒప్పందం మన కంపెనీతోనే. అందుకే దారులు రెండే ఉంటాయి. మన పాలసీలో సొంత బండి డ్యామేజీకి కవర్ ఉంటే మన కంపెనీ ద్వారా బాగు చేయించుకోవడం ఒకటి. ఇది త్వరగా తెములుతుంది, కాకపోతే డిడక్టిబుల్, అంటే రిపేరు ఖర్చులో మనమే భరించాల్సిన వాటా (కొన్ని దేశాల్లో ఎక్సెస్ అంటారు), ముందు మన జేబులోంచే పోతుంది, నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ పెట్టనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, కూడా పోవచ్చు. తర్వాత మన కంపెనీ అవతలి కంపెనీ మీద పడి ఆ డబ్బు రాబట్టుకుంటుంది. దీన్నే సబ్రొగేషన్ అంటారు, పేరు ఎంత భయపెట్టినా విషయం ఇంతే, అది గెలిస్తే మన డిడక్టిబుల్ కూడా వెనక్కి రావాలి. రెండో దారి నేరుగా అవతలి కంపెనీని అడగడం. డిడక్టిబుల్ బాధ ఉండదు, కానీ వాళ్లు తప్పు ఒప్పుకునేదాకా బండి షెడ్డులోనే ఉంటుంది. మన దగ్గర థర్డ్ పార్టీ పాలసీ (మన వల్ల ఇతరులకు జరిగే నష్టానికే కవర్) మాత్రమే ఉంటే మొదటి దారి మూసుకుపోయినట్టే.

బోనస్ సంగతి కొంచెం విడిగా చెప్పాలి, ఎందుకంటే నాకు ఒళ్లు మండేది ఇక్కడే. భారత్‌లో క్లెయిమ్ లేని మొదటి ఏడాదికి 20 శాతంతో మొదలై ఐదేళ్లకు 50 శాతం దాకా పెరిగే నో క్లెయిమ్ బోనస్, సొంత డ్యామేజీ కింద ఒక్క క్లెయిమ్ పెట్టగానే సున్నాకి పడిపోతుంది. ఎవడు గుద్దాడన్నదానితో పని లేదు, బోనస్‌ని కాపాడే యాడ్ ఆన్ కొనుక్కుని ఉంటే తప్ప. పేరులోనే ఉంది కదా అంటారు వాళ్లు, అది ‘నో క్లెయిమ్’ బోనస్, ‘నో తప్పు’ బోనస్ కాదు. మాట వరసకి నిజమే. కానీ ఐదేళ్లు జాగ్రత్తగా నడిపినందుకు వచ్చిన తగ్గింపు ఇంకెవడో ఫోన్ చూసుకున్నందుకు పోవడం ఏ లెక్కన న్యాయమో చెప్పేవాళ్లు మాత్రం నాకింతవరకు దొరకలేదు. అందుకే చిన్న గీతలకి చాలామంది క్లెయిమే పెట్టరు, చేతి డబ్బు పెట్టుకుని నోరు మూసుకుంటారు.

ఇక ఆ ఫోన్ కాల్. ‘ముందుగా మీరెలా ఉన్నారు సార్, బాగున్నారా?’ అని మొదలవుతుంది. గొంతులో ఎంత ఆప్యాయత ఉంటుందంటే, మనం అలవాటు కొద్దీ ‘ఆ, బాగానే ఉన్నానండీ’ అనేస్తాం. కాల్ రికార్డవుతోందని వాళ్లు మొదట్లోనే చెప్పి ఉంటారు, మనం విని ఉండం. మెడ నొప్పి లాంటివి ఒకటి రెండు రోజులు ఆగి బయటపడటం మామూలే, అప్పటికి ‘బాగానే ఉన్నాను’ అన్న మన మాట ఫైల్లో భద్రంగా కూర్చుని ఉంటుంది. నన్ను అడిగిన ఇంకో ప్రశ్న, ‘బండి కొంచెం కూడా కదలలేదని మీరు నూటికి నూరు శాతం చెప్పగలరా?’ నిజాయితీగల మనిషి ఇలాంటి చోట తడబడతాడు. నేనూ తడబడ్డాను, ‘కదల్లేదనే అనుకుంటున్నా’ అన్నాను. ‘అనుకుంటున్నా’ అన్న ఆ ఒక్క మాట ఎంత ఖరీదైందో తర్వాత తెలిసింది. అవతలి కంపెనీకి మనం రికార్డెడ్ స్టేట్‌మెంట్ ఇచ్చి తీరాలన్న నియమం మామూలుగా ఉండదు, ‘మా కంపెనీతో మాట్లాడండి’ అంటే సరిపోతుంది. మన సొంత కంపెనీ విషయం వేరు, దానికి సహకరిస్తామని పాలసీలోనే రాసి ఉంటుంది, ఆలస్యం చేస్తే దాన్ని పట్టుకుని క్లెయిమ్ కొట్టేసే ప్రమాదం ఉంది.

వెనక్కి జారాడన్న కథని వాళ్లు పూర్తిగా గెలిపించుకోనక్కర్లేదు, దాని పని వేరు. తప్పుని ముక్కలు చేయడానికి అది చాలు. బ్రిటన్‌లో 1945 నాటి చట్టం ప్రకారం నష్టపోయినవాడి తప్పు ఎంత ఉంటే పరిహారంలో అంత కోత పడుతుంది, ఇప్పుడు చాలా చోట్ల ఏదో ఒక రూపంలో ఇదే పద్ధతి. అమెరికాలో చాలా రాష్ట్రాలు దీనికో గీత గీశాయి, సగానికి అటూ ఇటూగా మన తప్పు తేలితే ఇక ఏమీ రాదు. అలబామా, మేరీలాండ్, నార్త్ కరోలినా, వర్జీనియా ఇంకా పాత సూత్రాన్నే పట్టుకుని ఉన్నాయి, అక్కడ సూత్రప్రకారం మన తప్పు ఒక్క శాతం ఉన్నా అవతలివాడి నుంచి పైసా రాదు. తొంభై తొమ్మిది శాతం తప్పు చేసినవాడు చేతులు దులుపుకుని పోవచ్చన్నమాట. ఇలాంటి చోట ‘కదల్లేదనే అనుకుంటున్నా’ అంటే ఏమవుతుందో ఊహించుకోండి.

అసలు కేసు తేలేది రోడ్డు మీద మొదటి పది నిమిషాల్లోనే. నేను తీసిన ఫోటోలు నాలుగు, నాలుగూ గీత మీదే, అంత దగ్గరగా తీస్తే అది ఏ బండో, ఏ రోడ్డో కూడా తెలియదు. కావాల్సింది దూరం నుంచి తీసినవి. రెండు బండ్లూ కదలకముందు, నంబర్ ప్లేట్లు, లేన్ గీతలు, సిగ్నల్ స్తంభం అన్నీ ఒకే ఫ్రేములో పడేట్టు. మనుషులకు దెబ్బలు తగలకపోతే, ట్రాఫిక్ మీదికొచ్చే ప్రమాదం లేకపోతే, హారన్లు కొట్టేవాళ్లని ఒక నిమిషం కొట్టనివ్వండి. చూసినవాళ్ల పేరు కాదు, ఫోన్ నంబర్ కావాలి. డాష్ క్యామ్ ఉన్నవాళ్లకి ఒక మాట, అది పాత వీడియో మీదే కొత్తది రాసుకుంటూ పోతుంది, ఆ రోజే తీసి దాచకపోతే ఉన్నా లేనట్టే. చుట్టుపక్కల సీసీ కెమెరాలదీ అదే కథ. నాకు గుర్తొచ్చి వెళ్లి అడిగేసరికి రెండు వారాలు దాటింది, అప్పటికే చెరిగిపోయింది.

యూరప్‌లో దీనికి చాలా ఏళ్లుగా ఒక కాగితం ఉంది, నాకు దాని మీద అసూయ. ఇద్దరు డ్రైవర్లూ కలిసి నింపే ఒకే ఫారం. ఎడమ పక్క ఒకరికి, కుడి పక్క ఒకరికి, మధ్యలో ఏం జరిగిందో చెప్పే పదిహేడు గడులు, కింద రోడ్డు బొమ్మ గీయడానికి చోటు. ‘ఆగి ఉన్నాను’ ఒక గడి, ‘ముందున్న బండిని వెనక నుంచి తగిలాను’ ఇంకొకటి, ‘రివర్స్ చేస్తున్నాను’ మరొకటి. ఎవరి గడి వాళ్లే టిక్ పెట్టి, ఇద్దరూ సంతకం చేసి, చెరో కాపీ తీసుకుని పోతారు. తప్పు ఒప్పుకుంటున్నట్టు ఆ సంతకానికి అర్థం లేదు, జరిగిందేమిటో రాసుకున్నట్టు మాత్రమే. అదే నా చేతిలో ఉండి ఉంటే మా పెద్దమనిషి నా ఎదురుగా, నా మొహం చూస్తూ టిక్ పెట్టాల్సి వచ్చేది. పది రోజుల తర్వాత ఇంట్లో కూర్చుని కథ అల్లడం వేరు, రోడ్డు మీద వెచ్చగా ఉన్న బానెట్ మీద కాగితం పెట్టి రాయడం వేరు.

బండి బాగయ్యాక కూడా పూర్తిగా మనకు ముట్టని నష్టాలు కొన్ని ఉంటాయి. షెడ్డులో ఉన్నన్నాళ్లూ అద్దె బండి ఖర్చు, ఇది అడిగితే తప్ప చాలా కంపెనీలు తమంతట తాము ఎత్తవు. ఎంత బాగా రిపేరు చేసినా ‘యాక్సిడెంటల్ బండి’ అన్న పేరు పడ్డాక అమ్మకంలో తగ్గే విలువ ఇంకొకటి. అమెరికాలో జార్జియా సుప్రీం కోర్టు 2001లో ఈ తగ్గిన విలువ కూడా నష్టమేనని, కస్టమర్ ప్రత్యేకంగా అడగకపోయినా కంపెనీ దాన్ని లెక్కగట్టాలని తేల్చింది, చాలా చోట్ల మాత్రం దీని ఊసెత్తితే ఎగాదిగా చూస్తారు. టోటల్ లాస్ (బండి ఇక బాగు చేయడానికి పనికిరాదని తేల్చడం) అయితే ఇచ్చేది బండి అప్పటి మార్కెట్ ధరే, మన అప్పు ఎంత మిగిలిందన్నది వాళ్లకి అనవసరం.

అన్నిటికన్నా జాగ్రత్త పడాల్సింది తొందరగా వచ్చే చెక్కుతో. దాని వెంట ఒక రిలీజ్ కాగితం ఉంటుంది, పూర్తిగా చివరిగా సెటిల్ అయిందని. దాని మీద సంతకం పెట్టాక డిక్కీ కింద రేకు మడత పడిందని, మెడ తిరగడం లేదని ఎంత మొత్తుకున్నా వినేవాళ్లుండరు. బంపర్ విప్పి లోపల చూడకుండా ఏ అంకెకీ ఒప్పుకోవద్దు. ఈ రోజుల్లో బంపర్లు ప్లాస్టిక్‌వి, దెబ్బ తిన్నా మళ్లీ పైకి లేచి ఏమీ కానట్టు నిలబడతాయి, వెనక ఉన్న బ్రాకెట్లూ సెన్సర్లే చితికిపోతాయి.

మరి మార్గం లేదా అంటే, కొన్ని దేశాలు ఎప్పుడో ఆలోచించాయి. ఇటలీలో 2007 నుంచి రెండు బండ్ల మధ్య జరిగే చాలా ప్రమాదాల్లో నష్టపోయినవాడికి అతని సొంత కంపెనీయే నేరుగా చెల్లిస్తుంది, కంపెనీల మధ్య లెక్కలు వాళ్లలో వాళ్లు తేల్చుకుంటారు. ఫ్రాన్స్‌లో కూడా కంపెనీలు ఒప్పందం చేసుకుని ఇలాగే నడుపుతున్నాయి. బ్రిటన్‌లో అవతలివాడికి ఇన్సూరెన్స్ లేకపోయినా, గుద్ది పారిపోయినా ఆదుకోవడానికి 1946లోనే మోటార్ ఇన్సూరర్స్ బ్యూరో పెట్టారు. మసాచుసెట్స్ 1971లో, అమెరికాలో అందరికన్నా ముందు, తప్పు ఎవరిదైనా గాయాల ఖర్చు కొంతవరకు ఎవరి కంపెనీ వాళ్లకే ఇచ్చే నో ఫాల్ట్ పద్ధతి తెచ్చింది. న్యూజిలాండ్ ఇంకా ముందుకెళ్లి 1974 నుంచి గాయాలన్నిటికీ ప్రభుత్వ పథకమే పెట్టింది, కానీ బండి డ్యామేజీకి అక్కడ థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ తప్పనిసరి కూడా కాదు, గుద్దినవాడి దగ్గర డబ్బు లేకపోతే బండి సంగతి దేవుడెరుగు. అంటే ఏ పద్ధతిలోనైనా ఎక్కడో ఒక బొక్క ఉంటుంది, ఒప్పుకుంటాను. అయినా కాగితాల బరువు ఒంటరిగా పోరాడే మనిషి మీద కాకుండా, దానికోసమే వందల మందిని జీతమిచ్చి పెట్టుకున్న కంపెనీల మీద పడటం ఎక్కువ సబబు.

నేను చివరికి నా కంపెనీ దారిలోనే వెళ్లాను. బండి మూడు వారాల్లో వచ్చింది. డిడక్టిబుల్ కోసం మాత్రం ప్రతి నెలా ఒకసారి ఫోన్ చేసేవాణ్ని, ప్రతిసారీ కొత్త గొంతు, ప్రతిసారీ సిగ్నల్ దగ్గర్నుంచి కథ మొదలు. పదకొండో నెలలో డబ్బు పడింది, నేను కట్టినదాంట్లో ఎనభై శాతం. మిగతాది ఏమైందని అడిగితే, రెండు కంపెనీలూ ఎనభై ఇరవైకి రాజీ పడ్డాయట, మీకు లెటర్ పంపాం కదా సార్ అన్నారు. వెతికితే నిజంగానే ఉంది, మెయిల్లో స్పామ్ ఫోల్డర్లో. అందులో రెండో పేరా మూడో లైను, ‘వాహనం కదలలేదని పాలసీదారు నిర్ధారించలేకపోయారు.’