ఏడూ పదికి పోయే నెట్టు

ఊరి పేరు చెప్పను. కోనసీమ అని మాత్రం చెప్తాను. పేరు చెప్తే నన్ను ఇప్పటికీ గుర్తుపట్టేవాళ్లు అక్కడ నలుగురైనా ఉంటారు.

2011 సంగతి. మా టెలిఫోన్ ఎక్స్‌ఛేంజ్‌లో బ్రాడ్‌బ్యాండ్ పెట్టె ఒకటి ఉండేది. డీస్లామ్ అంటారు. అందులో 2 కార్డులు, కార్డుకి 48 పోర్టులు, పోర్టుకి ఒక ఇల్లు. 256 కేబీపీఎస్ వస్తే చాలు, సర్కారు లెక్కలో అప్పట్లో అది బ్రాడ్‌బ్యాండే. నేను ఉద్యోగంలో చేరి మూడు నెలలు. ఆ పెట్టె పాస్‌వర్డ్ చేతికొచ్చి మూడు రోజులు.

మా ఊళ్లో రిటైర్డ్ హెడ్మాస్టారు ఒకాయన ఉండేవారు. రోజూ ఫోన్ చేసేవారు.

"ఏవయ్యా, నెట్టు పొద్దున్న ఏడూ పదికి పోతోంది, ఏడుంబావుకి వస్తోంది. టైంటేబుల్ వేసి మరీ తీస్తున్నారా?"

నెట్టు పోయినా ఫోను పోదు. ఫోను తీగ మీదే నెట్టు ఇచ్చే డీఎస్ఎల్‌తో వచ్చిన చిక్కే అది. ఒకే తీగలో మాట కింది ఫ్రీక్వెన్సీల్లో పోతుంది, నెట్టు పైవాటిలో పోతుంది. నెట్టు పోయిందని మనల్ని తిట్టడానికి అదే తీగ భేషుగ్గా పనిచేస్తుంది. పైగా మాస్టారు నోట్‌బుక్కులో ఎర్ర ఇంకుతో తేదీ, వేళ రాసి పెట్టేవారు. ఆదివారం మాత్రం పదకొండున్నరకి కూడా పోతుందట.

నేను లైన్ ప్రొఫైల్ తెరిచాను. తీగ మీద నెట్టు ఎంత వేగంగా, ఎంత జాగ్రత్తగా నడవాలో అందులో రాసి ఉంటుంది. కనీస వేగం, గరిష్ఠ వేగం, నాయిస్ మార్జిన్ లాంటివి. మార్జిన్ అంటే వస్తారో రారో తెలియని చుట్టాల కోసం పక్కన పెట్టే పాలు. లైనులో ఏదైనా గోల పుడితే తట్టుకోవడానికి కొంత బలం వాడకుండా ఉంచుతాం. మామూలుగా 6 డీబీ, అంటే డెసిబెల్స్. నేను 12 చేశాను. పనిలో పనిగా కనీస వేగం కూడా 512 చేశాను. పెద్దాయన, మర్యాదగా ఉంటుందని.

అసలు చెయ్యాల్సిందేమిటంటే ఆ ప్రొఫైల్‌కి నకలు తీసి, వేరే పేరు పెట్టి, మాస్టారి పోర్టు ఒక్కదానికీ తగిలించాలి. నేను అసలుదాన్నే మార్చేశాను. ఈ ప్రొఫైల్ 96 పోర్టులు వాడుతున్నాయి, కొనసాగించమంటారా అని పెట్టె అడిగింది కూడా. నేను చదివాను. చదివే వై కొట్టాను. అది ఏది అడిగినా వై కొట్టమనే నాకు నేర్పారు మరి.

రెండు కార్డుల మీదా పచ్చ లైట్లన్నీ ఒక్కసారి ఆరిపోయాయి. కాసేపటికి మినుకుమినుకుమంటూ దగ్గరి ఇళ్లవి ఒక్కొక్కటే వెలిగాయి, వేగం తగ్గి. దూరపువి వెలగలేదు. నెట్టు పోయే ఫ్రీక్వెన్సీలని చిన్న చిన్న ముక్కలు చేస్తారు, ఒక్కో ముక్కా ఒక టోను, ఒక్కో టోనూ కొన్ని బిట్ల సమాచారం మోస్తుంది. 3 డీబీ పక్కన పెడితే ఒక్కో టోనులో ఒక బిట్టు చొప్పున పోతుంది. నేను అదనంగా 6 పెట్టాను, అంటే రెండు బిట్లు. ఎక్స్‌ఛేంజ్ పక్కింటికి అదో లెక్క కాదు. అయిదు కిలోమీటర్ల రాగి తీగ చివర ఉన్నవాళ్లకి మిగిలేదే రెండు మూడు బిట్లు. ఆ మిగిలినదాంతో 512 అందదు, అందకపోతే లైను పైకి రాదు. పాపం ఆ మోడెములు ప్రయత్నిస్తాయి, పడిపోతాయి, మళ్లీ ప్రయత్నిస్తాయి.

అవి ఎంసెట్ వెబ్ ఆప్షన్ల రోజులు. ఆ చివరి ఊళ్లో ఓ నెట్ సెంటరుంది. ఫోన్ మోగింది.

"ఆయ్, నమస్కారమండీ. మీ దగ్గరేదైనా ఇబ్బందొచ్చిందేమోనండీ. ఏం లేదండీ, ఇక్కడో కుర్రాడు నలభయ్యో కాలేజీ దగ్గర ఆగిపోయాడండీ. వాళ్ల నాన్నగారు మీతో మాట్లాడతారంటండీ. ఇవ్వమంటారాండీ?"

వద్దన్నాను.

వెంటనే వెనక్కి మార్చేద్దామంటే మార్జిన్ 6 అని గుర్తుంది గానీ పాత కనీస వేగం గుర్తులేదు. మాస్టారు అన్నీ రాసుకున్నారు, నేనొక్కటీ రాసుకోలేదు. లైన్‌మన్ బాబాయి టీ గ్లాసు కింద పెట్టి, వెంకటేశ్వరస్వామి క్యాలెండరు పైకెత్తాడు. వెనకాల గోడ మీద బాల్‌పెన్నుతో ఎవరో రాసి ఉంది: మార్జిన్ 6, మినిమం 128. దాని కింద, రెండుసార్లు గీత గీసి, "ముట్టుకోవద్దు".

కొట్టాను. వెలిగినవి రెండోసారి ఆరి, ఈసారి 96 లైట్లూ వెలిగాయి.

మర్నాడు పొద్దున్న ఏడింటికి బాబాయి, నేను మాస్టారింటికి వెళ్లాం. మోడెము వంటింటి అరుగు మీద ఉంది. గోడ పొడవునా పది మీటర్ల బల్లపరుపు ఫోను వైరు, మెలిక లేనిది, మిక్సీ వెనక నుంచి మోడెముకి వచ్చింది. అమ్మగారు కొబ్బరి ముక్కలు జారులో వేసి, పచ్చిమిరపకాయలు తుంచి, మూత మీద అరచెయ్యి పెట్టి స్విచ్చి తిప్పారు. మిక్సీ గుర్రుమంది. మోడెము మీద డీఎస్ఎల్ లైటు కొట్టుకోవడం మొదలెట్టింది. మాస్టారు వాచీ చూసుకున్నారు. ఏడూ పది.

"బ్రష్షు మోటారండీ, లోపల నిప్పురవ్వలు పుడతాయి. ఆ గోలంతా ఈ వైరు పట్టేస్తోంది" అన్నాడు బాబాయి.

"మరి ఆదివారం పదకొండున్నర?"

"మసాలా" అన్నారు అమ్మగారు.

మోడెము హాల్లోకి మార్చి, మెలి తిప్పిన జంట వైరు లాగాం. మిక్సీ మళ్లీ తిప్పించాం, లైటు కదల్లేదు. మాస్టారు సంతోషించి మమ్మల్ని టిఫినుకి కూర్చోబెట్టారు. నేను రెండో ఇడ్లీలో ఉండగా నోట్‌బుక్కు తెచ్చి నా ముందు పెట్టారు.

"అంతా బానే ఉంది గానీ, నిన్న సాయంత్రం 5:42కి ఓసారి, 6:25కి ఓసారి పోయింది. అప్పుడు మా ఇంట్లో మిక్సీ వెయ్యలేదే?"

బాబాయి నా వైపు చూశాడు.

"అమ్మగారూ, చట్నీ ఇంకొంచెం వెయ్యండి" అన్నాను.