పన్నెండో తారీఖున పీక్ అన్నారు: ఆకుల రంగుల మ్యాప్‌కు ఒక బహిరంగ లేఖ

అయ్యా, ఆకుల రంగుల మ్యాప్ గారికి,

నమస్కారాలు. ఏ వారం ఏ జిల్లాలో చెట్ల ఆకులు రంగు మారతాయో ముందే చెప్పే ఇంటర్నెట్ మ్యాప్ మీరు, నన్ను గుర్తుపట్టకపోవచ్చు. జూలై నెల నుంచి రోజుకు రెండుసార్లు, పడుకునే ముందు ఒకసారి, లేవగానే పళ్ళయినా తోముకోకుండా ఇంకోసారి మిమ్మల్ని తెరిచి, కింద ఉన్న ఆ స్లైడర్‌ని వేలితో అటూ ఇటూ లాగుతూ కూర్చున్న వాళ్ళలో నేనొకణ్ణి. ఒక్కో వారం ముందుకు జరుపుతుంటే ఆకుపచ్చ పోయి పసుపు, పసుపు పోయి నారింజ, నారింజ పోయి ఎరుపు, చివర్న ఎవరూ ఫోటో తీయని ఒక బురద రంగు. అక్టోబర్ రెండో వారం దగ్గరికి రాగానే మేం వెళ్ళాలనుకున్న కొండల జిల్లా మొత్తం పండుమిరపకాయలా ఎర్రబడింది. దాని మీద వేలు పెడితే ఒక చిన్న పెట్టె తెరుచుకుని "పీక్" అంది, అంటే రంగులు నిండుగా ఉండే సమయమట.

ఆ ఒక్క ముక్క నమ్మి నేను సెలవు పెట్టాను, బావ చేత పెట్టించాను, కొండలంటే కళ్ళు తిరుగుతాయని మొత్తుకునే అక్కని కూడా ఒప్పించి వెనక సీట్లో కూర్చోబెట్టాను. మీరు చెప్పింది పన్నెండో తారీఖు. మేం పన్నెండో తారీఖునే వెళ్ళాం. ఇక నుంచి జరిగిందంతా మీ ఖాతాలో రాస్తున్నాను, చూసుకోండి.

పీక్ అంటే ఏమిటో మీరు ఎక్కడా వివరంగా చెప్పలేదు, నిజం చెప్పాలంటే నేనూ అడగలేదు. పెళ్ళి ముహూర్తం లాంటిది అనుకున్నాను. ఫలానా రోజు ఫలానా ఘడియకి చెట్లన్నీ ఎర్రంచు పట్టుచీరలు కట్టుకుని రోడ్డుకి రెండు పక్కలా నిలబడి ఉంటాయి, మనం వెళ్ళి ఫోటోలు తీసుకుని రావడమే. అసలు మన భాషనైనా నమ్మాల్సింది. మన లెక్కలో శరత్తు అంటే వెన్నెల, ఆకులు రాలే పని శిశిరానిది, రెండిటికీ మధ్య హేమంతం అని ఒక రుతువే ఉంది. మీరు వచ్చి అన్నీ కలిపేసి వారం రోజుల ఎర్ర మరకగా గీసేశారు.

నా వైపు నుంచి ఏ లోపమూ లేదని చెప్పడానికి నా ప్లాన్ గురించి కూడా చెప్పాలి. ఎక్సెల్ షీటు, ఇరవై రెండు వరసలు. టైము, వ్యూ పాయింట్, ఆ టైముకి సూర్యుడు ఏ దిక్కున ఉంటాడు, ఏ లెన్సు, పోలరైజర్ (మెరుపు తగ్గించే ఫిల్టర్) పెట్టాలా తీయాలా, ట్రైపాడ్ అవసరమా, ఎన్ని నిమిషాలు ఆగాలి. సూర్యోదయం 7:05కి కనుమ పైన. సూర్యాస్తమయం 6:20కి కింద లోయలోని చెరువు దగ్గర. మధ్యలో పధ్నాలుగో వరస, దానికి బూడిద రంగు వేసి "ప్రయాణం, ఆగేది లేదు" అని రాశాను. ఎందుకంటే మధ్యాహ్నం వెలుతురులో ఫోటోలు తీయకూడదని ఫోటోగ్రఫీ నేర్చుకున్న మొదటి వారంలోనే అందరికీ చెబుతారు. రెండో వారంలో చెప్పేది ఇంకొకటి ఉంది, దాని సంగతి తర్వాత.

సరే, తెల్లవారుజామున చీకట్లో లేచి, హెడ్‌లైట్ల వెలుగులో మలుపులు ఎక్కి, చెప్పిన టైముకి పావుగంట ముందే కనుమ పైకి చేరాం. ట్రైపాడ్ పెట్టాను. చలికి వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. బ్యాటరీ రాత్రి నిండుగా ఉన్నది పొద్దుటికి సగానికి వచ్చింది. చలిలో బ్యాటరీలు నీరసపడతాయని, స్పేర్‌ది లోపలి జేబులో ఒంటికి ఆనించి పెట్టుకోవాలని షీటులో రాసుకున్నాను, కానీ షీటు ఉన్న ఫోనే జేబులో పెట్టాను, బ్యాటరీ బ్యాగులో ఉండిపోయింది. తూర్పు తెల్లబడింది. కొండలు ఒక్కొక్కటే బయటికి వచ్చాయి. చెట్లు కూడా వచ్చాయి. అవునండీ, చెట్లు. కొమ్మలు మాత్రమే ఉన్న చెట్లు. కొండ వాలంతా ఎవరో చీపుళ్ళు తిరగేసి పాతినట్టు ఉంది. రెండు రోజుల ముందు వీచిన గాలికి ఉన్నవి కూడా రాలిపోయాయట.

బావ జేబుల్లో చేతులు పెట్టుకుని చుట్టూ ఒకసారి చూసి, "పీక్ అంటే శిఖరం అనేమో బావా, శిఖరానికైతే వచ్చాం కదా" అన్నాడు.

ఆ మాట మీకు వినిపించాలనే ఈ లేఖ రాస్తున్నాను.

ఎందుకంటే మ్యాప్ గారూ, మీరు జిల్లాకి ఒక్క రంగు వేస్తారు. మా జిల్లాలో లోయ 400 మీటర్ల ఎత్తున ఉంది, కనుమ 1900 మీటర్ల ఎత్తున. వెయ్యి మీటర్లు ఎక్కితే సగటున ఆరున్నర డిగ్రీలు చల్లబడుతుంది, అంటే ఒకే జిల్లాలో, ఒకే ఎర్ర మరక కింద, దాదాపు పది డిగ్రీల తేడా. రంగు పైనుంచి మొదలై రోజుకి కొంచెం కొంచెంగా కొండ దిగుతుంది. నీడ పట్టు ఎక్కువున్న వాలు ముందు, ఎండ పడే వాలు తర్వాత. అమెరికాలో బ్లూ రిడ్జ్ పార్క్‌వే అని 755 కిలోమీటర్ల కొండ రోడ్డు ఉంది, 1935లో మొదలుపెట్టి 1987లో పూర్తి చేశారు, దానిలో అన్నిటికంటే కిందున్న చోటు దాదాపు 200 మీటర్ల ఎత్తున ఉంటే అన్నిటికంటే పైనున్న చోటు 1845 మీటర్లు. ఆ రోడ్డుకి పీక్ ఏ రోజు అని అడగడం, మెట్ల మీద నడుచుకుంటూ దిగుతున్న మనిషిని చూపించి ఈయన ఏ మెట్టు మీద ఉంటాడు అని అడిగినట్టు. మీరు మాత్రం సగటు మెట్టు చెప్పేస్తారు, దాని మీద ఆయన ఉన్నాడా లేడా అన్నది మీకు అక్కర్లేదు.

ఇదంతా నాకు ముందే తెలియదా అంటే, తెలుసు. ఎత్తు గురించి మీ పేజీ కిందే ఒక వ్యాసం ఉంది, చదివాను కూడా. కానీ చదివిన వ్యాసానికి స్లైడర్ లేదు కదా.

పైన ఏమీ లేదని తేలాక కిందికి దిగడం మొదలుపెట్టాం. బావ బ్రేకులు వేడెక్కకుండా సెకండ్ గేర్‌లో దింపుతున్నాడు, ఆ విషయం ప్రతి మలుపులోనూ మాకు చెబుతున్నాడు కూడా. జపాన్‌లో నిక్కో దగ్గర ఇరోహజాకా అని ఒక కొండ దారి ఉంది, ఎక్కడానికి ఒక రోడ్డు, దిగడానికి ఇంకో రోడ్డు, రెండూ కలిపి 48 మలుపులు, ఒక్కో మలుపుకి వాళ్ళ పాత వర్ణమాలలో ఒక్కో అక్షరం పేరు. మన వాళ్ళు ఆ పని చేస్తే 56 మలుపులు కావాలి, అక్క 'ఐ' దగ్గరే కారు ఆపమనేది. మా రోడ్డుకి అక్షరాలు లేవు గానీ మలుపులకి లోటు లేదు. పది దాటాక అక్క కళ్ళు మూసుకుంది.

మళ్ళీ తెరిచేసరికి, "ఒరేయ్, ఆపండిరా!" అని అరిచింది. నేను కళ్ళు తిరుగుతున్నాయేమో అనుకున్నాను.

కాదు. ఎత్తు సుమారు 1100 మీటర్లు ఉంటుంది. రోడ్డు ఒక మలుపు తిరగగానే రెండు వైపులా ఎరుపు. దూరం నుంచి చూసే ఎరుపు కాదు, కారులోపల కూర్చున్న వాళ్ళ ముఖాల మీద పడే ఎరుపు. మధ్యలో పసుపు చెట్లు, అక్కడక్కడా ఇంకా మొండికేసిన ఆకుపచ్చ. రోడ్డు తడిగా ఉంది, దాని మీద ఆకులు అతుక్కుని ఉన్నాయి. పల్చగా మబ్బు కమ్మింది.

బావ వేగం తగ్గించి, "ఆపనా బావా?" అన్నాడు.

నేను షీటు తీశాను. పధ్నాలుగో వరస. "వద్దు బావా, ఇక్కడ ఆగేది లేదు. మధ్యాహ్నం వెలుతురు పనికిరాదు. చెరువు దగ్గర లొకేషన్ చూసుకోవాలి, టైమ్ సరిపోదు" అన్నాను. నోటితో అన్నాను, సాక్షులు ఇద్దరున్నారు.

కిలోమీటరుకి ఒకటి చొప్పున కారు ఆపుకునే జాగాలు వచ్చాయి, పోయాయి. ఇందాక రెండో వారంలో చెప్పేది అన్నానే, అది ఇదే: మధ్యాహ్నమైనా సరే, మబ్బు పడితే ఆకులకి అంతకంటే మంచి వెలుతురు లేదు. నీడలు కోసినట్టు పడవు, ఆకుల మీద తళతళ తగ్గుతుంది, ఉన్న కాస్త మెరుపునీ పోలరైజర్ తీసేస్తుంది, తడి ఆకుల రంగు ఇంకా ముదురుగా వస్తుంది. ఆటో వైట్ బ్యాలెన్స్ ఒక్కటి ఆపుకుంటే చాలు, లేకపోతే ఇంత పసుపు ఉండకూడదని కెమెరాయే తీర్పు చెప్పి చల్లార్చేస్తుంది. ఇవన్నీ నాకు తెలుసు. కిటికీ అద్దం లోంచి చూస్తూ ఇవన్నీ బావకి వివరించాను కూడా. కారు మాత్రం ఆపమనలేదు.

బాత్రూమ్ కోసం ఒక చోట ఆగాం, దానికి షీటులో వరస ఉంది. అక్క చేతిలో ఒక ఆకుతో వచ్చింది. "ఒరేయ్, ఇది చూడు" అంది. నేను ఫోన్‌లో మిమ్మల్నే చూస్తున్నాను, సాయంత్రానికి రంగు ఏమైనా మార్చారేమోనని. ఇంటికి వచ్చాక ఆ ఆకు మళ్ళీ చూశాను, అక్క పుస్తకంలో పెట్టింది. అరచేయంత ఆకు, అంతా ఎరుపు, మధ్యలో మాత్రం ఇంకో చిన్న ఆకు ఆకారం పసుపు రంగులో, అంచులతో సహా, స్టెన్సిల్ పెట్టి దిద్దినట్టు ఉంది. చెట్టు మీద ఉన్నప్పుడు పైనున్న ఆకు దాని మీద నీడ వేసిందన్నమాట. పసుపు ఎప్పుడూ ఆకులోనే ఉంటుంది, ఆకుపచ్చ కరిగిపోతే బయటపడుతుంది. ఎరుపు అలా కాదు, ఆకు దాన్ని అప్పటికప్పుడు తన చక్కెరతో తయారు చేసుకోవాలి, దానికి ఎండ తగలాలి. పగలు ఎండ బాగా కాసి, రాత్రి చల్లబడాలి గానీ గడ్డకట్టకూడదు. అలాంటి రోజులు వరసగా వస్తే ఎరుపు మండిపోతుంది, వానా వెచ్చదనం కలిసి వస్తే వెలవెలపోతుంది. పక్క ఆకు అడ్డం వస్తే అంత మేర ఎర్రబడదు. ఇలా ఒక్క ఆకులోనే రెండు రంగులు పెట్టుకున్న చెట్ల గురించి, జూలైలోనే, జిల్లా మొత్తానికి ఒక్క రంగు వేసి మాకు చెప్పారు మీరు. మీ ధైర్యానికి జోహార్లు.

చెరువు గురించి ఎక్కువ చెప్పను. నాలుగున్నరకే అక్కడున్నాం. చెట్లు పచ్చగా ఉన్నాయి, నిండు ఆగస్టు పచ్చ. 6:20కి సూర్యాస్తమయం అన్నది నిజమే, నేల చదునుగా ఉంటే. పడమటి కొండ అయిదు గంటలకే సూర్యుణ్ణి మింగేసింది. అక్కడి నుంచి గంటా ఇరవై నిమిషాలు ట్రైపాడ్ పక్కన నిలబడి నీడలో ఉన్న పచ్చ చెట్లని చూశాను, షీటులో ఉంది కాబట్టి. బావ కారులో నిద్రపోయాడు.

"ఇది అంచనా మాత్రమే" అని మీ పేజీ అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో రాసి ఉందని మీరు అంటారు. ఉంది, చూశాను. మరి "పీక్" అన్న మాటనీ అదే సైజులో రాయొచ్చు కదా? జిల్లాకి ఒక రంగు బదులు ఎత్తుకి ఒక రంగు వేయొచ్చు కదా? కనుమ మీద లైవ్ కెమెరా ఉందట, ముందు రోజు దాన్ని ఒక్క నిమిషం చూస్తే చీపుళ్ళు కనిపించేవి, ఆ లింకు మీ స్లైడర్ పక్కన పెడితే మీ సొమ్మేం పోయింది? ఇంకొక్క విన్నపం. పధ్నాలుగో వరసలో "ఆగేది లేదు" అని రాసేవాణ్ణి పసిగట్టే ఏర్పాటు ఏదైనా ఉంటే చూడండి. అది మీ తప్పు కాదని మా అక్క అంటోంది, నేను ఇంకా ఒప్పుకోలేదు.

ఇట్లు,
మీ స్లైడర్ బాధితుడు

తా.క.: ఆ రోజు నేను 412 ఫోటోలు తీశాను. అందులో ఎరుపు ఉన్నవి మూడు, మూడూ మా కారు వెనక లైట్లే. వారం తర్వాత బావ డాష్‌క్యామ్ కార్డు ఖాళీ చేస్తూ ఒక క్లిప్ పంపాడు. పాతవాటి మీద కొత్తవి రాసుకుంటూ పోయే కెమెరా కదా, తెల్లవారుజాముది ఎప్పుడో చెరిగిపోయింది, మధ్యాహ్నానిది మిగిలింది. మలుపు తిరుగుతుంది, అద్దం మీద ఒక పురుగు మరక, ఆ వెనక రోడ్డు మీదికి రెండు పక్కల నుంచీ వంగిన ఎరుపు. కింద మూలన 12:47, పక్కనే గంటకి 38 కిలోమీటర్లు. వెనక నుంచి అక్క గొంతు, తర్వాత నా గొంతు కూడా వినిపిస్తాయి, సౌండ్ తీసేశాను. ఒక ఫ్రేమ్ ఆపి ఫోన్ వాల్‌పేపర్‌గా పెట్టుకున్నాను. అడిగిన వాళ్ళకి లెన్సు ఏమిటో చెప్పడం లేదు.