చదవకముందే తీర్పా? బఫీ ఎనిమిదో సీజన్ మీద తిరుగుతున్న మెసేజ్‌కి నా జవాబు

ఆ మెసేజ్ మళ్లీ వచ్చింది. సింహాచలం చందనోత్సవం లాగా మా కాలేజీ స్నేహితుల వాట్సాప్ గ్రూపులోకి ఏడాదికోసారి తప్పకుండా వస్తుంది. ఎవరు రాశారో ఎవరికీ తెలియదు. ఈసారి పంపినవాడు కింద "కరెక్టే కదా గురూ" అని ఒక ముక్క తగిలించాడు. ఇక ఊరుకోబుద్ధి కాలేదు.

మెసేజ్ సారాంశం ఇది. ‘బఫీ ద వాంపైర్ స్లేయర్’ కథ 2003లో టీవీలోనే అయిపోయింది. తర్వాత ఎనిమిదో సీజన్ అంటూ కామిక్ పుస్తకాలుగా వచ్చింది ఉత్త అతుకు. అసలు రచయితకి దాంతో సంబంధం లేదు, పేరు వాడుకున్నారంతే. నటులు లేకపోతే ఆ పాత్రలూ లేవు. అభిమానులందరూ ఛీ కొట్టారు. అంతా డబ్బు కోసం. కాబట్టి కొనొద్దు, చదవొద్దు.

తెలియనివాళ్లకి రెండు మాటలు. బఫీ అమెరికన్ సీరియల్. 1997 మార్చిలో మొదలై 2003 మేలో ముగిసింది. ఏడు సీజన్లు, 144 ఎపిసోడ్లు. హైస్కూల్లో చదివే ఒక అమ్మాయి మీద రక్తపిశాచాలను చంపే బాధ్యత పడుతుంది. పగలు క్లాసులు, రాత్రి శ్మశానాలు. మేం చూసింది 2005 ప్రాంతంలో, విశాఖ ఎంవీపీ కాలనీలో ఒక స్నేహితుడి మేడమీది గదిలో. వాళ్ల బావ అమెరికా నుంచి తెచ్చిన డీవీడీలు ఇక్కడి ప్లేయర్లో ఆడలేదు. కంప్యూటర్లో పెట్టి రీజియన్ (డిస్కు ఏ ప్రాంతానిదో చెప్పే కోడ్) మార్చాలి. ఐదుసార్లు మార్చాక డ్రైవ్ ఇక మార్చనివ్వదు. ఎన్నిసార్లయిందో ఒకడు గోడ మీద పెన్సిల్‌తో గీతలు పెట్టేవాడు. అంత టెన్షన్ పడి చూశాం కాబట్టే ఇన్నేళ్ల తర్వాత కూడా దీని మీద కొట్టుకుంటున్నాం అనుకోండి.

సరే, మొదటి మాట: కథ 2003లోనే అయిపోయింది. చివరి ఎపిసోడ్ గుర్తు చేసుకోండి. బఫీ ఉండే సన్నీడేల్ ఊరు ఊరంతా కుంగిపోతుంది. మిగిలినవాళ్లు బస్సు దిగి ఆ గొయ్యి అంచున నిలబడతారు. ఇప్పుడేం చేద్దాం అని చెల్లెలు డాన్ అడుగుతుంది. బఫీ జవాబు చెప్పదు, మెల్లగా నవ్వుతుంది. అక్కడ తెర పడింది. అది జవాబు ఇవ్వని ప్రశ్న. పైగా దానికి కాస్త ముందే బఫీ స్నేహితురాలు విల్లో మంత్రం వేసి, ప్రపంచం మొత్తానికి ఒకరిద్దరి దగ్గరే ఉన్న ఆ స్లేయర్ శక్తిని, అంటే పిశాచాలను చంపే బలాన్ని, అర్హత ఉన్న ప్రతి అమ్మాయికీ పంచేసింది. పొద్దున లేచేసరికి ఇనుప కడ్డీలు వంచే బలం వచ్చిన ఆ అమ్మాయిలంతా ఏమైపోయారు? టీవీ చెప్పలేదు. 2007 మార్చిలో డార్క్ హార్స్ కామిక్స్ వేసిన మొదటి సంచిక సరిగ్గా అక్కడే ఎత్తుకుంది. స్కాట్లాండులో ఒక కోట, వందల మంది స్లేయర్లు, వాళ్లకి నాయకురాలు బఫీ, కంట్రోల్ రూములో ఆమె స్నేహితుడు గ్జాండర్.

ఇంకో సంగతి. ‘కథ అయిపోయింది’ అన్న మాట 2001లోనే అన్నారు. ఐదో సీజన్ చివర, వందో ఎపిసోడ్‌లో బఫీ చెల్లెల్ని కాపాడటానికి దూకి చచ్చిపోయింది. సమాధి రాయి కూడా చూపించారు. తర్వాత సీరియల్ వేరే చానెల్‌కి మారింది, ఆమె సమాధిలోంచి లేచింది, ఆరో సీజన్ వచ్చింది. దాని మీద కూడా అభిమానులు రెండుగా చీలారు. మా గదిలోనే ఇద్దరు ఆరో సీజన్ మధ్యలో లేచి టీకి వెళ్లిపోయారు, మళ్లీ వారం దాకా రాలేదు. వాళ్లలో ఒకడే ఇప్పుడు ఈ మెసేజ్ పంపినవాడు. టీవీలో చచ్చినమనిషి లేచి వస్తే సీజన్, కాగితం మీద కథ సాగితే అతుకా?

రెండో మాట: అసలు రచయితకి సంబంధం లేదు. ఇది అభిప్రాయం కాదు, శుద్ధ తప్పు. సీరియల్ సృష్టికర్త జాస్ వెడనే ఎనిమిదో సీజన్‌ని మొత్తం దగ్గరుండి నడిపించాడు. మొదటి ఐదు సంచికలు తనే రాశాడు, చివరి కథ కూడా కామిక్ ఎడిటర్ స్కాట్ అల్లీతో కలిసి రాశాడు. మధ్యలో రాసినవాళ్లలో జేన్ ఎస్పెన్సన్, డ్రూ గొడార్డ్, డగ్ పెట్రీ, స్టీవెన్ డినైట్ ఉన్నారు. వీళ్లంతా ఎవరు? టీవీలో ఎపిసోడ్లు రాసినవాళ్లే. మెసేజ్ రాసినాయన డీవీడీలో టైటిల్స్ వచ్చేటప్పుడు ఫార్వర్డ్ నొక్కేసే రకమై ఉంటాడు.

అయితే మా గ్రూపులో దీనికి ఎదురు తిరిగినవాళ్లు కూడా ఒక పొరపాటు చేశారు. ‘సృష్టికర్త ముద్ర ఉంది కాబట్టి అదే అసలు కథ, నోరు మూసుకో’ అన్నారు. ముద్రని అంత నమ్మలేం. ‘ఎక్స్ ఫైల్స్’ అనే ఇంకో అమెరికన్ సీరియల్ చూడండి. 2013లో ఐడీడబ్ల్యూ అనే కామిక్స్ కంపెనీ వాళ్లు పదో సీజన్ అని కామిక్ మొదలుపెట్టారు. సీరియల్ సృష్టికర్త క్రిస్ కార్టర్ పేరు దాని మీద ఉంది. కొన్నవాళ్లంతా ఇదే ఇక కథ అనుకున్నారు. 2016 జనవరిలో టీవీ సీరియలే తిరిగొచ్చింది, అదే పదో సీజన్ అయి కూర్చుంది, కామిక్‌లో జరిగినదాన్ని పక్కన పెట్టేసింది. పదో సీజన్లు రెండయ్యాయి! అభిమానులు ‘కానన్’ అంటారే, అసలు కథలో భాగమా కాదా అన్న తగువు, అది తాసీల్దారు ఆఫీసులో పట్టా లాంటిది కాదు. కాబట్టి వెడన్ రాశాడన్నది మెసేజ్‌లో ఉన్న అబద్ధానికి జవాబు మాత్రమే. పుస్తకం బాగుందా లేదా అన్నదానికి అది జవాబు కాదు.

నటులు లేకపోతే పాత్రలు లేవన్నది మూడో మాట. దీని దగ్గర కొంచెంసేపు ఆగాలి, ఎందుకంటే ఇందులో కొంత నిజం ఉంది.

ముందు అబద్ధం సంగతి. బఫీ టీవీలో పుట్టలేదు. 1992లో సినిమాగా వచ్చింది, అందులో బఫీ క్రిస్టీ స్వాన్సన్. ఐదేళ్ల తర్వాత టీవీలో సారా మిషెల్ గెల్లర్ వచ్చి, పాత స్కూల్లో జిమ్ తగలబెట్టినందుకు నన్ను పంపేశారు అని చెబుతుంది. విడుదలైన సినిమాలో జిమ్ తగలబడదు! వెడన్ రాసుకున్న అసలు స్క్రిప్టులో ఉందది. అంటే మనం ప్రాణం పెట్టి చూసిన ఆ టీవీ సీరియలే, వేరే ముఖంతో, వేరే మాధ్యమంలో వచ్చిన కొనసాగింపు. నచ్చని ముక్క తీసేసి, కావలసింది కలుపుకుంది. అప్పుడు ఎవరికీ అభ్యంతరం లేదు.

ఇక నిజం సంగతి. ముఖచిత్రాలు జో చెన్ వేసింది. చూస్తే ఫొటోలు అనిపిస్తాయి, గెల్లర్ మనవైపే చూస్తున్నట్టుంటుంది. లోపల తిప్పితే బొమ్మలు ఎక్కువగా జార్జెస్ జాంటీవి, ఆ తీరే వేరు. చిన్నప్పుడు చందమామ కొన్నవాళ్లకి ఇది తెలుసు. మన పక్కన కశింకోటలో ఉన్న వడ్డాది పాపయ్యగారి అట్టమీది బొమ్మ చూసి కొంటాం, లోపల చెయ్యి వేరే ఉంటుంది. కానీ చందమామ రాజకుమారిని మనం అంతకుముందు టీవీలో చూసి ఉండలేదు కదా. బఫీని 144 సార్లు చూశాం. నేనే కొన్ని పేజీల్లో ఎవరు మాట్లాడుతున్నారో అర్థంకాక వెనక్కి తిప్పాను. కొత్త అమ్మాయిల్లో ఎవరెవరో జుట్టు రంగు చూసి పోల్చుకోవలసిందే. ఇది లోపమే, ఒప్పుకుంటాను.

కానీ కాగితం వల్లే సాధ్యమైనది ఒకటి చూపిస్తాను. ఐదో సంచిక. శత్రువుల్ని పక్కదారి పట్టించడానికి బఫీలా నటించే అమ్మాయిలు ఇద్దరు ఉంటారు. ఒకామె రోములో పార్టీల్లో తిరుగుతుంటుంది. రెండో ఆమెని భూమి అడుగున రాక్షసుల మధ్యకి పంపారు. కథ మొత్తం ఈ రెండో అమ్మాయిది. మొదటి పేజీలకే ఆమె శవం కనిపిస్తుంది. అక్కడినుంచి ముందుకీ వెనక్కీ వెళుతూ, ఆమెకి శక్తి వచ్చిన రోజు, శిక్షణ, కింద చీకట్లో బఫీ పేరుతో జనాన్ని కూడగట్టడం. ఆమె అసలు పేరు చివరిదాకా చెప్పరు. తెలిసే అవకాశం కూడా లేదు, ఎందుకంటే ఆమె చచ్చింది బఫీగా. ఇదే టీవీలో అయితే ఆ పాత్రకి ఒక నటిని పెట్టాలి, చివర టైటిల్స్‌లో ఆమె పేరు వెయ్యాలి. పేరులేనితనం అంత బాగా కుదరదు. నలభై సంచికల్లో నాకు అన్నిటికంటే నచ్చినది ఇదే. అందులో మనకి తెలిసిన పాత్రలు దాదాపు ఎవరూ లేరు!

బడ్జెట్ అడ్డు లేకపోవడం వల్ల దెబ్బ కూడా పడింది, అదీ చెప్పాలి. డాన్ మొదట రాక్షసి సైజుకి పెరిగిపోతుంది, తర్వాత సగం గుర్రం అవుతుంది, ఆ తర్వాత బొమ్మ అవుతుంది. ఆడపిల్ల ఎదిగేటప్పుడు ఒళ్లు తన మాట వినదన్న ఊహ బాగానే ఉంది. టీవీలో అయితే ఒక్క ఎపిసోడ్‌లో ముగించేవాళ్లు, అంతకంటే డబ్బు ఉండేది కాదు కాబట్టి. ఇక్కడ బొమ్మ గియ్యడానికి ఏనుగైనా ఎలకైనా ఒకటే ఖర్చు. దాంతో ఆ సంగతి ఏళ్ల తరబడి సాగింది.

ఇక ‘అభిమానులందరూ ఛీ కొట్టారు’. అందరూ అంటే ఎవరు? మొదటి సంచికని మళ్లీ మళ్లీ అచ్చు వెయ్యాల్సి వచ్చింది. 2008లో కామిక్స్ రంగంలో పెద్ద గౌరవమైన ఐస్నర్ అవార్డు, ఉత్తమ కొత్త సిరీస్‌గా దీనికే వచ్చింది. ఎనిమిది తర్వాత తొమ్మిది, పది, పదకొండు, చివరికి 2018లో పన్నెండో సీజన్ దాకా నడిచింది. అందరూ ఛీ కొట్టిన కథ పదకొండేళ్లు ఎలా నడుస్తుంది?

అందరికీ నచ్చిందని కూడా అనను. పదిహేనేళ్లు దాటింది కాబట్టి చెప్పేస్తున్నాను: కథ పొడుగునా బఫీని తరిమిన ముసుగు విలన్ చివరికి ఆమె పాత ప్రేమికుడు ఏంజెలే అని తేలింది. ఆ తర్వాత ఇద్దరూ ఆకాశంలో ఎగురుతూ చేసినవి ఇక్కడ రాయను. 39వ సంచికలో అదే ఏంజెల్ చేతిలో గైల్స్ చచ్చిపోయాడు. గైల్స్! గురువు, తండ్రి లాంటివాడు. నాకు ఇప్పటికీ మింగుడుపడలేదు. చివరి సంచికలో వెడనే పాఠకులకి రాస్తూ కథ మరీ పైకి వెళ్లిపోయింది, వచ్చే సీజన్‌లో మళ్లీ నేలమీదికి తెస్తానన్న అర్థంలో ఒప్పుకున్నాడు. తెచ్చాడు కూడా. ఆ చివరి సంచికలోనే బఫీ శాన్ ఫ్రాన్సిస్కోలో కాఫీ షాపులో పనిచేస్తూ, చెల్లెలి ఇంట్లో సోఫా మీద పడుకుంటుంది.

నా లెక్కలో ఎవరికి నచ్చింది ఎవరికి నచ్చలేదన్నది చదివిన పద్ధతి మీద కూడా ఆధారపడింది. మా వాడొకడు అప్పట్లో అమెరికాలో చదువుకుంటూ సంచిక సంచికా కొన్నాడు. నలభై సంచికలకి 2007 మార్చి నుంచి 2011 జనవరి దాకా పట్టింది. టీవీలో 22 ఎపిసోడ్ల సీజన్ ఒక్క ఏడాదిలో ముగిసేది. నెలంతా ఆగితే ఇరవై చిల్లర పేజీలు, అందులో సగం యుద్ధం. మనవాడికి విసుగొచ్చింది, ఇరవయ్యో సంచిక దగ్గర మానేశాడు. నేను తర్వాత ఐదేసి సంచికలు కలిపి వేసిన ఎనిమిది సంపుటాలు తెప్పించుకుని, రెండు ఆదివారాల్లో చదివేశాను. నాకు అదే కథ పరుగెత్తింది. వాడు చెప్పిందీ నిజమే, నేను చెప్పేదీ నిజమే. ఆర్కే బీచ్‌లో మురీ మిక్చర్ తింటూ దీని మీద గంట కొట్టుకున్నాం. ఉల్లిపాయ దగ్గర కూడా మాకు ఏకాభిప్రాయం లేదు.

డబ్బు కోసం అన్నదానికి ఒక్క ముక్క చాలు. 2001లో సీరియల్ ఒక చానెల్ నుంచి ఇంకో చానెల్‌కి మారింది ఎందుకంటే ఎపిసోడ్‌కి ఎంత ఇవ్వాలన్న దగ్గర బేరం తెగలేదు. ఆ తర్వాత వచ్చిన రెండు సీజన్లని ఎవరూ డబ్బు సీజన్లు అనలేదు.

చివరిది, కొనొద్దు చదవొద్దు అన్న సలహా. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు మా కిటికీ అద్దాలు పగిలి వాన గదిలోకే వచ్చింది. కింది అరలో ఉన్న సంపుటాలు తడిశాయి. తర్వాత రోజుల తరబడి కరెంటు లేదు. డీవీడీలు పొడిగానే ఉన్నాయి గానీ ఎక్కడ పెట్టి చూడను? తడిసిన పుస్తకాలే మేడ మీద ఆరబెట్టి, రాత్రి కొవ్వొత్తి దగ్గర చదివాను. నున్నటి కాగితం కదా, పేజీలు ఒకదానికొకటి అంటుకుపోయాయి. మొదటి సంపుటంలో ఐదో సంచిక దగ్గర స్టీలు స్కేలు పెట్టి విడదీస్తే, ఆ పేరులేని అమ్మాయి ముఖం సగం పక్క పేజీకి వెళ్లిపోయింది.

ఆ సంపుటమే నిన్న మెసేజ్ పంపినవాడికి మా అబ్బాయి చేత పంపించాను. వాడు ఎనిమిదో సీజన్ ఒక్క పేజీ కూడా చదవలేదట, ఫోన్‌లో అడిగితే ఒప్పుకున్నాడు. ముందు నాలుగు సంచికలు వదిలేసినా పర్వాలేదు, ఐదోది చదివి చెత్తో కాదో చెప్పమన్నాను. పేజీలు తిప్పేటప్పుడు కాస్త జాగ్రత్త అని కూడా చెప్పాను.