పిల్లలకు పిల్లలే చెబితే పెద్దలం మనమెందుకు?

2014లో కేంద్రం మొదలుపెట్టిన రాష్ట్రీయ కిశోర్ స్వాస్థ్య కార్యక్రమంలో ఒక ప్రమాదం దాగి ఉంది. ఊళ్లోని పిల్లల్లోంచే కొందరిని ఎంచి, ‘సాథియా’ అని పేరు పెట్టి, ఆరోగ్యం గురించి తోటివాళ్లకు చెప్పమంటారు. ఆడపిల్లలంటే పోనీ అనుకోవచ్చు. మగపిల్లలు కూడానట!

ఇలా వదిలేస్తే రేపు తొమ్మిదో తరగతి పిల్ల పక్క బెంచీ పిల్లకు, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ దాదాపుగా హెచ్‌పీవీ అనే వైరస్ వల్లే వస్తుందనీ, 9 నుంచి 14 ఏళ్ల మధ్య టీకా వేయించుకుంటే బాగా పనిచేస్తుందనీ చెప్పేస్తుంది. ఆ పిల్ల ఇంటికెళ్లి, ‘30 దాటాక టెస్టు చేయించుకోవాలటగా, నువ్వు చేయించుకున్నావా అమ్మా?’ అంటుంది. నాన్న పేపర్లో మొహం దాచుకోవాలి. ఎంత టెన్షన్!

మన పాత పద్ధతికి ఏం తక్కువైంది? ప్రత్యుత్పత్తి పాఠం రాగానే మాస్టారు సుద్దముక్క బల్ల మీద పెట్టి, ‘ఇది ఇంటి దగ్గర చదువుకోండి, పరీక్షలో వస్తుంది’ అంటారు. ఇంట్లో అడిగితే, ‘అవన్నీ స్కూల్లో చెబుతార్లే’ అంటారు. ఏటా దేశంలో 75 వేల మందికి పైగా ఆడవాళ్లు ఈ జబ్బుతో పోతున్నారు, నిజమే. కానీ ఎంత మర్యాదస్తులు! మాస్టారిని ఇబ్బందిపెట్టే ప్రశ్న ఒక్కటీ అడగకుండానే పోయారు.

టీకా వేయిస్తే పిల్ల చెడిపోతుందని మా వీధి పెద్దల ఏకగ్రీవ తీర్మానం. టీటీ ఇంజెక్షన్ వేయించుకున్నవాళ్లంతా తుప్పు మేకులు వెతుక్కుంటూ తిరగడం చూడటం లేదూ?

పైగా ఖమ్మం అనుభవం ఉండనే ఉంది. 2009లో అక్కడ గిరిజన బాలికలకు ఈ టీకా వేసినప్పుడు, చాలాచోట్ల అమ్మానాన్నలకు బదులు హాస్టల్ వార్డెన్లే సంతకాలు పెట్టేశారు. కొందరు పిల్లలు చనిపోవడంతో 2010లో ఆపేశారు. ఆ మరణాలకు టీకాతో సంబంధం తేలలేదు గానీ, అనుమతులు తీసుకున్న తీరు తప్పని విచారణలో బయటపడింది. పిల్లలకూ తల్లిదండ్రులకూ ముందే అన్నీ విడమర్చి చెప్పాలని దాన్నుంచి ఎవరైనా నేర్చుకుంటారు. మనం తెలివైనవాళ్లం కాబట్టి, అసలేమీ చెప్పకూడదని నేర్చుకున్నాం.

అయినా నేను మొండివాణ్ని కాను. సాథియాలను ఉంచండి, శిక్షణ ఇవ్వండి, బ్యాడ్జీలూ తగిలించండి. చేతులు శుభ్రంగా కడుక్కోవడం గురించి ఎంతసేపైనా మాట్లాడనివ్వండి. మిగతా విషయాలకు ఒక సభ పెట్టి, సర్పంచ్ గారిని అధ్యక్షత వహించమంటే, నేనే వచ్చి భారతీయ స్త్రీ ఔన్నత్యం మీద రెండు గంటలు ప్రసంగిస్తాను. ఆడపిల్లలను తీసుకురానక్కర్లేదు.